క్రిస్మస్ ఆరాధనలో కూర్చున్నా మనసు అక్కడ లేదు. ఇన్ని పనుల మధ్య మీరెలా నిలుపుకుంటున్నారు?

తెనాలి_అమ్మాయి (హైదరాబాద్) | డిసెంబర్ 3, రాత్రి 11:40

అందరికీ వందనాలు. మీరు రాసేవి చాలా రోజులుగా చదువుతున్నాను గానీ నేను రాయడం ఇదే మొదటిసారి.

పోయిన క్రిస్మస్ నాడు తెల్లవారుజామున ఐదింటి ఆరాధనకు వెళ్లాం. ముందురోజు రాత్రి రెండింటి దాకా నేను వంటింట్లోనే ఉన్నాను. పిల్లలిద్దరినీ తయారు చేసి, కొత్త చీర కట్టుకుని, టైముకే వెళ్లి మూడో వరసలో కూర్చున్నాం. అయ్యగారు యేసయ్య పుట్టుక ఉన్న లూకా సువార్త 2వ అధ్యాయం చదివారు. ఆయన ప్రసంగం మొదలుపెట్టాక గానీ నాకు తెలియలేదు, చదివినదాంట్లో ఒక్క మాట కూడా నా చెవిన పడలేదని. ఆ ఐదు నిమిషాలూ ఏం ఆలోచించానో మాత్రం బాగా గుర్తుంది. బిర్యానీ పన్నెండింటికి తెమ్మన్నానా, ఒంటిగంటకా? ఆడపడుచు వాళ్లబ్బాయికి తెచ్చిన షర్టు సరిపోతుందా? అంతే. ఏడాదంతా ఎదురుచూసిన వాక్యం నా పక్కనుంచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు.

చిన్నప్పుడు మా ఊళ్లో నాన్న వెదురు బద్దలతో స్టార్ కట్టేవారు. మైదా ఉడకబెట్టి జిగురు చేయడం అమ్మ పని, ఎర్ర కాగితం అతికించడం నా పని. జిగురు ఆరేదాకా స్టార్ ఎత్తకూడదు. ఆ పూటంతా అరుగు మీద దాని పక్కనే కూర్చునేదాన్ని, వేలితో ముట్టుకుని చూస్తూ. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే మర్నాటికి స్టార్ వచ్చేస్తోంది, ప్లగ్గులో పెడితే వెలుగుతోంది. జిగురు ఆరే ఆ పూట మాత్రం ఏమైపోయిందో తెలియడం లేదు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్లయింట్లు సెలవులకు వెళ్లేలోపు, అంటే ఈ 19కి రిలీజ్ ఇవ్వాలి. పిల్లలకు సండే స్కూల్ డాన్సు ప్రాక్టీసు. పండగకు ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌లు మూడు. ఆఫీసులో సీక్రెట్ శాంటా బహుమతులు. నెలంతా యేసయ్య పేరు మీదే పరుగెడుతున్నాను, ఆయన దగ్గర పది నిమిషాలు కూర్చోవడం లేదు. దయచేసి పనులు మానేయమని చెప్పకండి, కుదరదు. ఇన్ని పనుల్లో ఉంటూ కూడా మనసు నిలుపుకుంటున్నవాళ్లు ఉంటే, మీరు నిజంగా ఏం చేస్తారో చెప్పండి.

రాత్రి_డ్యూటీ (గుంటూరు) | డిసెంబర్ 4, ఉదయం 9:15

తెనాలి సిస్టర్, మీరు కుళాయి తిప్పి ఏడ్చానన్న చోట నేను ఆగిపోయాను. నేను డ్యూటీ డ్రెస్ మార్చుకునే గదిలో ఏడ్చేదాన్ని.

నేను కాన్పుల వార్డులో నర్సుని. పద్నాలుగేళ్లలో తొమ్మిది క్రిస్మస్ రాత్రులు డ్యూటీలోనే గడిచాయి. కొత్తలో, అవతల చర్చి మైకులో పాటలు వినిపిస్తుంటే, ఈ పండగ నాది కాదనుకునేదాన్ని.

ఒక 24 రాత్రి, మూడు దాటాక, ఒకమ్మాయికి కాన్పయింది. మగపిల్లాడు. బిడ్డను తుడిచి, చుట్టడానికి గుడ్డ ఇమ్మంటే వాళ్ల అమ్మమ్మ సంచిలోంచి పాత నేత చీర ముక్క తీసింది. ఉతికి ఉతికి దూదిలా అయిపోయింది, అంచు రంగు వెలిసిపోయింది. "మా ఇంట్లో నాలుగు కాన్పులకీ ఇదేనమ్మా, ఎండలో ఆరబెట్టి తెచ్చాను" అంది. బిడ్డ కాళ్లు చేతులు సర్ది అందులో చుడుతుంటే నాకు 'పొత్తిగుడ్డలు' అన్న మాట గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన మాటే. బైబిల్లో ఉండే ఏదో పాత మాట అనుకున్నానే గానీ, నేను రోజూ చేతుల్లో పట్టుకునేవి అవేనని ఎప్పుడూ తోచలేదు. అంత దూరం ప్రయాణంలో మరియమ్మ కూడా ఇలాగే మూటలో సర్దుకుని తెచ్చి ఉంటుంది కదా అనిపించింది. యేసయ్య పుట్టాడని గొర్రెల కాపరులకు దేవదూత చెప్పిన ఆనవాలు కూడా అదే, పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డ. ఆ కాపరులు రాత్రి కాపలాలో ఉన్నవాళ్లు. అందరూ పడుకున్నప్పుడు మేలుకుని ఉన్నవాళ్లకే ఆ కబురు అందింది. అది తెలిశాక డ్యూటీ మీద నా బాధ పోయింది.

ఇక నేను చేసేది. డ్యూటీకి ఎక్కేముందు లూకా 2లోంచి ఒక్క మాట ఎంచుకుంటాను. అధ్యాయం చదివే ఓపిక ఉండదు, ఒక్క మాట చాలు. ఈ వారం 'స్థలము లేనందున' అన్న మాట, సత్రంలో మరియమ్మ వాళ్లకు చోటు దొరకని సంగతి. బెడ్లు చాలక వరండాలో పడుకోబెట్టినవాళ్ల దగ్గరికి బీపీ చూడ్డానికి వెళ్లినప్పుడు అది దానంతటదే మనసులో పలుకుతుంది.

గుణదల_వాసి (విజయవాడ) | డిసెంబర్ 4, రాత్రి 10:05

మేం కతోలికులం. అమ్మా, మీరు చెప్పిన జిగురు ఆరే పూట ఉంది చూశారూ, మాకు దానికోసం ఒక కాలమే ఉంది. ఆగమన కాలం. పండగకు ముందు నాలుగు ఆదివారాలు. ఈ ఏడు నవంబర్ 30న మొదలైంది. ఈ నాలుగు వారాలూ గుళ్లో ఫాదర్ గారు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు, మూడో ఆదివారం కావాలంటే గులాబీ రంగు. ఆదివారం పూజలో మామూలుగా పాడే మహిమ గీతం ఈ వారాల్లో పాడం. మళ్లీ 24 రాత్రి పూజలోనే. నెల్లాళ్లు ఆపుకున్న పాట ఆ అర్ధరాత్రి గంటల మధ్య ఒక్కసారిగా ఎత్తుకుంటే, యాభై ఏళ్లొచ్చినా నాకు కళ్లు చెమరుస్తాయి.

ఇంట్లో కూడా అంతే. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ ముందే పెడతాం గానీ అందులో తొట్టి ఖాళీగా ఉంటుంది. బాలయేసును 24 రాత్రి పూజ నుంచి వచ్చాక చిన్నమ్మాయి తెచ్చి పెడుతుంది. ఈలోపు పిల్లలు ఎవరికైనా ఒక మంచి చేసిన రోజు తొట్టిలో ఒక వరిగడ్డి పోచ వేస్తారు. మాది బ్యాంకు, 31న క్వార్టర్ క్లోజింగ్. నేను తొమ్మిదింటికి ఇంటికి చేరాక చెప్పులు విప్పి, ముందు ఆ ఖాళీ తొట్టి ఎదుట రెండు నిమిషాలు నిలబడతాను. ఆ తర్వాతే స్నానం, అన్నం.

ఇంకోమాట, తప్పుగా అనుకోకండి. డిసెంబర్ 1 నుంచే కేకులు కోసి, కొత్త బట్టలు కట్టి, సెమీ క్రిస్మస్ అని ముందే సగం పండగ చేసేస్తే 25 నాటికి మిగిలేది అలసటే. మీ ఇబ్బందికి తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదనుకుంటాను.

వాక్యమే_ప్రమాణం | డిసెంబర్ 5, ఉదయం 6:20

అసలు డిసెంబర్ 25 అని బైబిల్లో ఎక్కడుంది? లేని పండగ పెట్టుకుని ఈ టెన్షన్ దేనికి? మానేస్తే సరిపోతుంది కదా.

ఒంగోలు_మాస్టారు | డిసెంబర్ 5, ఉదయం 7:50

బ్రదర్, తేదీ బైబిల్లో లేదు, నిజమే. రోములో డిసెంబర్ 25ను పాటించారని చెప్పే పాత ఆధారం క్రీ.శ. 354 నాటి ఒక పంచాంగంలో కనిపిస్తుంది. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6న చేసుకుంటుంది. దాని మీద మీరు వేరే చర్చ పెట్టండి, నేను తప్పకుండా వస్తాను. ఈ అమ్మాయి అడిగింది తేదీ గురించి కాదు.

గుణదల తమ్ముడూ, మీ ఖాళీ తొట్టి నాకు ఎంతో నచ్చింది. కానీ పండగకు ముందు జరిగే కార్యక్రమాల మీద మీ మాట ఒప్పుకోలేను. నలభై ఏళ్లుగా మా సంఘంలో క్యారల్స్ నడిపిస్తున్నాను. ఏడాదిలో ఒక్కసారి కూడా గుడి మెట్లెక్కని ఇళ్ల ముందు ఆ రాత్రి పాట పాడతాం. తలుపు తీసి చేతులు కట్టుకుని నిలబడతారు. ఒక ముసలాయన మంచంలోంచి లేవలేక కిటికీ తెరిపించుకుని విన్నాడు. ఆ కార్యక్రమం లేకపోతే ఆయన దగ్గరికి పండగ వెళ్లేదే కాదు.

అయితే అమ్మాయి బాధలో నిజం ఉంది. మేమూ దారి తప్పాం. ఇంటింటికీ టీ, కేకు, ఫోటోలు, పాడేది మూడు నిమిషాలు. అందుకని కిందటేడు రెండు పద్ధతులు పెట్టాం. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచేటప్పుడు మాటలూ ఫోన్లూ ఉండవు. ప్రతి ఇంట్లో పాడబోయే ముందు 'మీ ఇంట్లో ఎవరికోసం ప్రార్థన చేయమంటారు' అని ఒక్క పేరు అడుగుతాం. కుర్రాళ్లు మొదట గునిశారు. రెండో రాత్రికి వాళ్లే నాకంటే ముందు ఆ పేరు అడుగుతున్నారు. చీకట్లో ఇరవైమంది చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినపడకుండా నడుస్తుంటే, ఆ నడకే ప్రార్థనలా ఉంటుంది.

మా ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. అంతకుముందు ఏడాదే అమెరికాలో వాళ్ల పెద్దలు, ఫలితం లేదు కాబట్టి ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. 1878 జులై 3న, ధాతు కరువు ఎండగట్టిన ఈ నేల మీదే, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మైకులు, స్టేజీలు తర్వాత వచ్చాయి. ఆ ఐదుగురికి ఉన్నది చలి, చీకటి, ఒక కొండ. జనవరి 1న నేను ఇప్పటికీ ఆ కొండెక్కుతాను. మోకాళ్లు సహకరించినంత కాలం ఎక్కుతాను.

పల్నాటి_పాస్టరమ్మ | డిసెంబర్ 6, మధ్యాహ్నం 2:30

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పాస్టరమ్మ అంటే ఎప్పుడూ ఆత్మలో మండుతూ ఉంటుందని సంఘం అనుకుంటుంది.

ఈ నెలలో మావారికి 31 కూడికలు. అన్నింట్లోనూ అదే అధ్యాయం. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి గొంతుకు వేడినీళ్లు పట్టుకుంటారు. విధవరాళ్లకు చీరలు పంచాలి, ఎవరి చీర ఎవరికి తగ్గిందోనని మాట రాకూడదు. పాటల ప్రాక్టీసుకు వచ్చిన పిల్లలకు రోజూ టీ, ఉప్మా. 24 రాత్రి రెండొందల మందికి వంట. ఇందరికోసం ప్రార్థన చేసే ఇంట్లో మా ఇద్దరం కలిసి మోకరించి ఎన్ని రోజులయిందో లెక్కపెడితే భయమేసింది.

నేను పట్టుకున్నది ఒక్కటే పని. చర్చి ఊడవడం. పొద్దున నాలుగున్నరకు తాళం తీసి, చాపలు బయటికి లాగి దులిపి, మూల నుంచి మూలకు ఊడుస్తాను. లైటు ఒక్కటే వేస్తాను. డిసెంబర్‌లో ఈ ఒక్క పనికి మాత్రం ఎవర్నీ సాయం రానివ్వను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో నాకు తెలుసు కదా, ఆ చోటు ఊడుస్తున్నప్పుడు వాళ్ల పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి సంఘమంతా అయిపోతుంది. అప్పుడు చీపురు పక్కన పెట్టి నా పేరు, మావారి పేరు చెప్పుకుంటాను.

యేసయ్యను ఇంటికి పిలిచి పనుల్లో మునిగిపోయిన మార్తను అందరూ తప్పుపడతారు. ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు. అనేకమైన పనుల గురించి విచారపడి తొందరపడుతున్నావన్నాడు. తెనాలి తల్లీ, నువ్వు వంటింట్లో రాత్రి రెండింటి దాకా ఉన్నావు. ఇంట్లో మిగతా పెద్దవాళ్లు ఎన్నింటికి పడుకున్నారు? ఆ సంగతి కూడా ఆలోచించమ్మా. మన ఇళ్లలో మగవాళ్లకు ధ్యానం, ఆడవాళ్లకు వంట అన్నట్టు పంపకం జరిగిపోయింది. ఇది నేను స్త్రీల కూడికలో కూడా చెప్పాను.

గుణదల_వాసి | డిసెంబర్ 6, రాత్రి 10:40

అమ్మగారూ, మీరు రాసింది మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ ఒకటే అడిగింది. "మీరు తొట్టి ముందు రెండు నిమిషాలు నిలబడేటప్పుడు నేనెక్కడ ఉంటాను?" పొయ్యి దగ్గర, నాకు చపాతీలు కాలుస్తూ. పదహారేళ్లుగా నాకిది తట్టలేదు. ఈ రాత్రి నుంచి ఇద్దరం కలిసి నిలబడుతున్నాం. చపాతీలు చల్లారితే చల్లారాయి.

కువైట్_గోదావరి | డిసెంబర్ 7, రాత్రి 12:10

మాది రాజోలు దగ్గర. ఇక్కడ ఒక ఇంట్లో వంటపని, ఏడేళ్లయింది. ఇక్కడ 25 సెలవు కాదు. మన ఆరాధనలు శుక్రవారం జరుగుతాయి, మేడమ్ పంపిస్తే వెళ్తాను. క్రిస్మస్ నాడు నా పని మామూలే, పొద్దున టిఫినూ మధ్యాహ్నం మజ్బూసూ (ఇక్కడి మాంసం అన్నం).

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, మా అమ్మ దగ్గర ఉంటుంది. లూకా సువార్తలో 24 అధ్యాయాలు ఉన్నాయి కదా. డిసెంబర్ 1 నుంచి రోజుకొక అధ్యాయం చదివి వాట్సాప్‌లో వాయిస్ పెడుతోంది. 24 నాటికి అయిపోతుంది. నేను నాలుగున్నరకు లేచి, పిండి తడుపుకుంటూ వింటాను. మూడో అధ్యాయంలో వంశావళి ఉంది, అన్నీ పేర్లే. పాపం నట్లు కొట్టి, మళ్లీ వెనక్కి వెళ్లి, కూడబలుక్కుని చదివింది. వెనకాల మా అమ్మ దగ్గు, కోడి కూత. ఆ పేర్ల వరస చివరికి ఆదాము, ఆ తర్వాత దేవుడు వస్తారు. అది విని చేతులు పిండిలో పెట్టుకునే ఉండిపోయాను. అంత పెద్ద వరసలో తల్లి దగ్గర లేకుండా పెరిగిన పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో అనిపించింది.

నాకు ధ్యానం అంటే ఏంటో పెద్దగా తెలియదు. ఆ పన్నెండు నిమిషాలు మాత్రం నేను ఎక్కడ ఉన్నానో మర్చిపోతాను.

పెద్దకొడుకు (ఏలూరు) | డిసెంబర్ 8, రాత్రి 9:30

ఇక్కడ అడగొచ్చో లేదో. నాన్నగారు పోయి ఇరవై రోజులయింది. ఈ ఏడు పండగ చేయకూడదని చుట్టాలంతా అంటున్నారు. నాకూ చేయాలని లేదు. ఆఫీసుకు వెళ్తున్నాను, వస్తున్నాను, ఏ పనీ బుర్రకెక్కడం లేదు. కానీ నిన్న రాత్రి అమ్మ అడిగింది, "స్టార్ ఏదిరా, ఇంకా కట్టలేదే?" అని. ఏం చెప్పాలో తెలియక బయటికి వచ్చేశాను.

రాత్రి_డ్యూటీ | డిసెంబర్ 8, రాత్రి 9:50

అన్నయ్యా, అమ్మ అడిగితే కట్టేయండి. చుట్టాలకు తర్వాత చెప్పుకోవచ్చు.

ఒంగోలు_మాస్టారు | డిసెంబర్ 9, ఉదయం 6:00

బాబూ, ఆరేళ్ల కిందట నవంబర్ ఆఖరున నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ఏడు మేం పిండివంటలు చేయలేదు, బట్టలు కొనలేదు. స్టార్ మాత్రం కట్టాను. జ్ఞానులకు ఆ నక్షత్రం కనిపించింది దారి కోసమే కదా. నాకూ ఆ డిసెంబర్‌లో దారి తెలియలేదు. సాయంత్రం స్విచ్చి వేసి, దాని కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ప్రార్థన మాటలు వచ్చేవి కావు. కూర్చునేవాణ్ణి, అంతే. మీరూ మీ అమ్మగారూ అలా కూర్చోండి. మాటలు రాకపోయినా పరవాలేదు.

పెద్దకొడుకు | డిసెంబర్ 10, రాత్రి 8:45

కట్టాను. నాన్న కట్టే మేకుకే. అమ్మ చాలాసేపు కింద కూర్చుంది.

తెనాలి_అమ్మాయి | డిసెంబర్ 14, రాత్రి 10:20

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు క్షమించండి. అందరివీ చదివాను, కొన్ని రెండుమూడు సార్లు చదివాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

గుంటూరు సిస్టర్ చెప్పినట్టు ఒక్క మాట పట్టుకుందామని నాలుగో తేదీ రాత్రే మొదలుపెట్టాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మర్చిపోయాను. తొమ్మిదో తేదీ ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చి రాత్రి రెండు దాకా కాల్‌లో ఉన్నాను. పదో తేదీ ఏ మాట ఎంచుకున్నానో కూడా గుర్తులేదు. మళ్లీ ఏడుపొచ్చింది. అప్పుడు తెలిసింది, నేను దీన్ని కూడా రిలీజ్‌లాగే చేస్తున్నానని. టార్గెట్ పెట్టుకుని, తప్పితే నన్ను నేను తిట్టుకుంటూ. పదకొండో తేదీ నుంచి రోజులు లెక్కపెట్టడం మానేశాను. గుర్తొచ్చినప్పుడు ఆ మాట అనుకుంటున్నాను. ఫోన్ మాత్రం రాత్రిపూట హాల్లో పెట్టి పడుకుంటున్నాను, పొద్దున లేవగానే చేతికి తగలకుండా.

ఏడో తేదీ ఆదివారం పిల్లలతో కాగితం స్టార్ చేశాం. వెదురు బద్దలు ఎక్కడా దొరకక ఇంట్లో ఉన్న కొబ్బరి ఈనెలు కట్టగట్టి చేశాను. మైదా జిగురు గడ్డలు కట్టింది. మా అబ్బాయి "ఎంతసేపు ఆరాలమ్మా" అని పదిసార్లు అడిగాడు. పదిసార్లూ "ఇంకొంచెంసేపు" అన్నాను. మా అమ్మ నాతో అనేది అదే మాట.

పాస్టరమ్మ గారి ప్రశ్నకు జవాబు: పోయిన క్రిస్మస్ ముందురోజు మావారు పదకొండింటికే పడుకున్నారు. ఈసారి ఆ మాట ఆయనతో మెల్లగా, కోపం లేకుండా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చుట్టాల భోజనాలు, బట్టలు, ఇచ్చిపుచ్చుకోవడాలు తను చూసుకుంటానన్నారు. సీక్రెట్ శాంటా వద్దని ఆఫీసులో చెప్పేశాను. మూడు సెమీ క్రిస్మస్‌లలో ఒక్కదానికే వెళ్తున్నాం. మాస్టారు గారూ, పిల్లలతో క్యారల్స్‌కు మాత్రం ఒక రాత్రి వెళ్లాం. మీ పద్ధతి మా యూత్ వాళ్లకు చెప్పాను, వినలేదు. నేనూ పిల్లలూ వెనకాల మాట్లాడకుండా నడిచాం.

మనసు నిలిచిందని చెప్పలేను. నిలవనప్పుడు మాత్రం ఇప్పుడు నాకు తెలుస్తోంది. పోయినేడు అది కూడా తెలియలేదు.

మెదక్_వడ్లు | డిసెంబర్ 17, ఉదయం 5:10

నేను రైతును. వడ్లు కల్లంల పోసి పన్నెండు రోజులైంది, ఇంకా కాంటా కాలేదు. రాత్రి టార్పాలిన్ కప్పి కుప్ప పక్కనే పంటున్న. గుంటూరు అక్క కాపరుల గురించి రాసింది ఇక్కడ పండుకునే చదివిన. నిజంగనే కాపలా ఉన్నోడికి ఆకాశం మస్తు దగ్గర కనిపిస్తది.

మా మెదక్ చర్చి గురించి ఒక మాట చెప్పాలె. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. మిషనరీ పోస్నెట్ దొర కరువు కాలంల జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించిండు. మా ముత్తాత అక్కడ రాళ్లు మోసిండని మా తాత చెప్పేటోడు. దేవుని గుడిలెక్క కంటే ముందు మా ఇంట్ల దాన్ని అన్నం పెట్టిన గుడి అంటరు.

లోపల పెద్ద రంగుటద్దాల కిటికీలు మూడున్నయి. ఒకదాంట్ల యేసు పుట్టుక, ఒకదాంట్ల సిలువ, ఒకదాంట్ల ఆరోహణం. క్రిస్మస్ నాడు చీకటి ఉండంగనే ఆరాధన మొదలైతది. అప్పుడు ఆ కిటికీలు నల్లగ ఉంటయి, ఏ బొమ్మా కనిపించది. లోపల ఎన్ని లైట్లు పెట్టినా కనిపించది, బయట పొద్దు పొడవాలె. మెల్లగ ముందు నీలం తెలుస్తది, తర్వాత ఎరుపు. ఆఖరుకు మరియమ్మ, ఒడిల బిడ్డ. నా చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూసోని చూసిన ఆ రంగులు రావుడు.

ఆరాధన అయినంక అందరు ఫోటోలకు బయటికి ఉరుకుతరు. అక్కా, మీ చర్చిల అద్దాలు లేకపోయినా సరే, ఆరాధన అయినంక జరసేపు కూసోండి. లేవకుండ్రి.

పల్నాటి_పాస్టరమ్మ | డిసెంబర్ 17, రాత్రి 11:30

మెదక్ తమ్ముడూ, మీ వడ్లు తొందరగా కాంటా కావాలని ప్రార్థన చేశాను. సంఘం పెద్దలతో మావారు మాట్లాడారు. 22, 23 తేదీల్లో ఉన్న నాలుగు ఇళ్ల కూడికలు ఒకే సాయంత్రం ఒకే చోట పెట్టడానికి ఒప్పుకున్నారు. ఒకాయన మొదట కష్టపెట్టుకున్నారు, తర్వాత తన ఇంటి ముందే పందిరి వేయిస్తానన్నారు. ఆ ఖాళీ అయిన సాయంత్రం మేమిద్దరం మా ఇంట్లో మోకరించాలని అనుకున్నాం.

తెనాలి_అమ్మాయి | డిసెంబర్ 26, సాయంత్రం 5:15

19కి రిలీజ్ అయిపోయింది. నిన్న తెల్లవారుజామున వెళ్లాం. ఈసారి ఆఖరి వరసలో కూర్చున్నాను, పిల్లల్ని మావారు ముందు వరసకు తీసుకెళ్లారు. అయ్యగారు లూకా 2 తెరిచారు. కళ్లు మూసుకున్నాను. ప్రజాసంఖ్య, కురేనియు, నజరేతు, బేత్లెహేము, ఒక్కొక్క మాటా వినపడింది. 'పొత్తిగుడ్డలతో' అన్నప్పుడు గుంటూరు సిస్టర్ చెప్పిన అంచు వెలిసిన నేత చీర ముక్క కనిపించింది. 'స్థలము లేనందున' అన్నప్పుడు వరండాలో బెడ్లు లేనివాళ్లు.

ప్రసంగం మధ్యలో మళ్లీ భోజనాల సంగతి బుర్రలోకి వచ్చింది. రానిచ్చి, పోనిచ్చాను. అది ఈసారి మావారి పని.

ఆరాధన అయ్యాక లేవలేదు. మా చర్చికి రంగుటద్దాలు లేవు, మామూలు ఇనప గ్రిల్ కిటికీలు. ఏడు దాటాక ఎండ వచ్చి గ్రిల్ నీడలు చాపల మీద పడ్డాయి. మా అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అంది. చెప్పడానికి నాకు టైముంది. చెప్పాను.

కాగితం స్టార్ మంచుకు తడిసి ఒక కొమ్ము ఊడిపోయింది. అలాగే వేలాడుతోంది, తీయబుద్ధి కాలేదు.

రాత్రి_డ్యూటీ | డిసెంబర్ 26, రాత్రి 7:20

దేవునికి స్తోత్రం సిస్టర్. 24 రాత్రి మా వార్డులో ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. ముగ్గురూ, తల్లులూ క్షేమం. డ్యూటీకి వెళ్తున్నాను.

మెదక్_వడ్లు | డిసెంబర్ 26, రాత్రి 8:00

22న కాంటా అయింది. పాస్టరమ్మకు వందనాలు.

కువైట్_గోదావరి | డిసెంబర్ 27, రాత్రి 12:30

మా అమ్మాయి 24వ అధ్యాయం చదివి పంపింది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తుంటే తిరిగి లేచిన యేసయ్య వచ్చి కలిసే చోట దాని గొంతు మారింది, ఎందుకో అడగలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే ఏమీ వినపడక వంటిల్లు బోసిగా ఉంది. అపొస్తలుల కార్యాలు 28 అధ్యాయాలట, జనవరి 1 నుంచి మొదలుపెడతానంటోంది. ఆ వాయిస్ మీకెవరికైనా పంపమంటారా?

పల్నాటి_పాస్టరమ్మ | డిసెంబర్ 27, ఉదయం 4:25

నాకు పంపించు తల్లీ. చర్చి ఊడ్చేటప్పుడు వింటాను.